పెద్ద కుక్క మనుషుల మీదికి వెళ్తోందా? ఏ వరుసలో ఏం చేయాలి

"మా రాట్‌వైలర్ ఇంట్లోవాళ్లతో బంగారం. బయటివాళ్లు గేటు తీస్తే మాత్రం మీదికి ఉరుకుతోంది. ఏం చేయాలి?"

కుక్క పేరు మారుతుంది, జాతి మారుతుంది, అడిగేది మాత్రం ఇదే. దీనికి ఒక్క ముక్కలో చెప్పే జవాబు లేదు గానీ ఒక వరుస ఉంది. ముందు ఎవరికీ గాయం కాకుండా కట్టుదిట్టం చేయాలి. తర్వాత పశువైద్యుడికి చూపించాలి. శిక్షణ ఆ తర్వాతే. చాలామంది తిన్నగా మూడోదాంతో మొదలుపెట్టి, నెల తిరక్కుండానే "ఇది మారేది కాదు" అని చేతులెత్తేస్తారు.

ముప్పై, నలభై కిలోలు, ఆపైన తూగే కుక్కల కోసం రాసిందిది. చిన్న కుక్కలకూ పద్ధతి ఇదే, కాకపోతే అక్కడ ఒక పొరపాటు జరిగినా గాయం చిన్నదయ్యే అవకాశం ఎక్కువ.

1. ముందు జాతి సంగతి తేల్చుకోండి

ఒకరు "ఆ జాతే అంత" అంటారు. ఇంకొకరు "జాతిదేం లేదు, అంతా పెంపకంలోనే ఉంది" అంటారు. రెండూ సగం సగం నిజాలే.

2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానులు చెప్పిన వివరాలను, 2 వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతిని బట్టి వివరించగలిగింది సుమారు 9 శాతమే. కాబట్టి పిట్‌బుల్ అయినంత మాత్రాన కరుస్తుందనీ, లాబ్రడార్ అయినంత మాత్రాన కరవదనీ అనుకోవడానికి లేదు. పిట్‌బుల్ దవడకు తాళం పడుతుందన్నదీ కట్టుకథే. అలాంటి ఏర్పాటు ఏ కుక్క దవడలోనూ లేదు.

అలాగని జాతిని పూర్తిగా పక్కన పెట్టకండి. దాన్ని ఏ పనికోసం తరతరాలుగా ఎంచి పెంచారో తెలిస్తే చిక్కు ఎక్కడ వస్తుందో ముందే ఊహించవచ్చు. కాకేషియన్ షెపర్డ్ లాంటి మందకాపలా కుక్కలు యజమాని చెప్పేదాకా ఆగవు, కొత్తవాళ్లను అనుమానించడమే వాటి ఉద్యోగం. పోలీసు పనికి వాడే మాలినోయ్ జాతి కంటిముందు ఏది కదిలినా స్పందిస్తుంది. ఈ స్వభావాలు శిక్షణతో అదుపులోకి వస్తాయి తప్ప మాయమైపోవు.

ఇక బరువు సంగతి. కుక్క పెద్దదైన కొద్దీ కాటు లోతుగా దిగుతుంది, మనిషి కింద పడిపోతాడు. జాగ్రత్త ఎంత ఉండాలన్నది దాని పేరు చూసి కాక, ఈ లెక్క చూసి నిర్ణయించుకోండి.

చట్టం మాత్రం చాలాచోట్ల జాతి పేరునే చూస్తుంది. బ్రిటన్ 1991 చట్టంలో నాలుగు రకాలున్న నిషేధిత జాబితాకు 2023లో ఎక్స్‌ఎల్ బుల్లీ అనే పెద్ద కుక్క రకాన్ని కలిపింది. నెదర్లాండ్స్ తన పిట్‌బుల్ నిషేధాన్ని 2008లో ఎత్తేసింది. మీరున్న చోట రిజిస్ట్రేషన్, మజిల్ (కరవకుండా మూతికి వేసే తొడుగు), బీమా నియమాలు ఏమున్నాయో కుక్కను తెచ్చుకోకముందే కనుక్కోండి.

2. ఈ రోజే చేయాల్సినవి

శిక్షణకు నెలలు పడుతుంది. ఈలోగా కుక్క కరిచే అవకాశమే లేకుండా ఇల్లు సర్దుకోవాలి. కరిచిన ప్రతిసారీ "కరిస్తే అవతలివాడు వెళ్లిపోతాడు" అన్న పాఠం దానికి గట్టిపడుతుంది.

• గేటుకూ కుక్కకూ మధ్య ఎప్పుడూ రెండు తలుపులుండాలి. ఒకటి మరిచిపోయినా రెండోది ఆపుతుంది.
• గేటు గడియ కుక్క మూతితో ఎత్తగలిగేది కాకూడదు. వెనక్కి వెళ్లి చూసుకోనక్కర్లేకుండా దానంతటదే మూసుకునే గేటైతే మేలు.
• ప్రహరీ ఎత్తుతో పాటు దాని అడుగు కూడా చూడండి. దూకలేని కుక్క తవ్వుతుంది.
• కాలింగ్ బెల్ మోగాక కుక్కను పట్టుకోవడం కాదు, తలుపు తీయకముందే అది ఇంకో గదిలో ఉండాలి.
• చిన్నపిల్లలతో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలొద్దు. పిల్లలను ఎక్కువగా కరిచేవి తెలిసిన కుక్కలే, ఆ కాట్లు ఎక్కువగా పడేది ముఖం, తల, మెడ మీదే.
• రోజంతా గొలుసుతో కట్టేయకండి. పారిపోయే దారి లేని కుక్కకు మిగిలేది పళ్లు చూపించడమే.
• ఇంట్లో అందరికీ ఒకే నియమం. ఒకరు గది తలుపు వేసి, ఇంకొకరు "పాపం" అని తీస్తే ఈ జాబితా మొత్తం వృథా.

"కుక్క ఉంది జాగ్రత్త" అన్న బోర్డు పెట్టండి. దాంతో మీ బాధ్యత తీరిపోయిందని మాత్రం అనుకోకండి.

3. పశువైద్యుడికి చూపించండి

నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న కుక్క హఠాత్తుగా తిరగబడితే మొదటి అనుమానం నొప్పి మీదే ఉండాలి. తుంటి కీళ్ల అరుగుదల, చెవిలో చీము, పుచ్చిన పన్ను, థైరాయిడ్ లోపం: ఇవి కోపంలా బయటపడవచ్చు. వయసు మీరిన కుక్కకు చూపో వినికిడో తగ్గితే, మనం పక్కకు వచ్చింది తెలియక ఉలిక్కిపడి కరుస్తుంది.

డాక్టరుతో చెప్పాల్సినవి: ఎప్పటినుంచి, ఒంటి మీద ఎక్కడ తాకితే, పడుకుని ఉన్నప్పుడా తిరుగుతున్నప్పుడా, మెట్లెక్కడానికి వెనకాడుతోందా, తిండీ నిద్రా ఎలా ఉన్నాయి. వీలైతే దూరం నుంచి తీసిన వీడియో చూపించండి. క్లినిక్‌లో భయంతో బిగుసుకుపోయిన కుక్కను చూసి ఇంట్లో దాని తీరు అంచనా వేయడం ఎవరికైనా కష్టమే.

స్వభావంలో ఉన్నట్టుండి మార్పు, చొంగ, మింగలేకపోవడం, తూలడం కనిపిస్తే ర్యాబిస్ అయ్యే అవకాశం ఉంది. దాన్ని చేత్తో పట్టుకోవద్దు. గదిలో పెట్టి తలుపేసి, డాక్టరుకు ఫోన్ చేసి విషయం చెప్పండి.

"పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే శాంతిస్తుందట కదా" అని చాలామంది అడుగుతారు. మగకుక్కల తిరుగుళ్లు, మగవాటి మధ్య కొన్ని పోట్లాటలు తగ్గవచ్చు. భయం వల్ల కరిచే కుక్కకు అది మందు కాదు. భయం మరీ ఎక్కువైతే ఆందోళన తగ్గించే మందులు డాక్టరు రాస్తారు. వాటి ప్రభావం కనిపించడానికి వారాలు పడుతుంది, మధ్యలో మీరే ఆపేయకూడదు.

4. కరవడానికి ముందు అది ఏం చెబుతోందో చూడండి

"ఏ సూచనా లేకుండా కరిచేసింది" అన్నమాట తరచూ వింటాం. చాలాసార్లు సూచన ఉంటుంది, మనం చూసి ఉండం.

ఇంటికొచ్చినాయన సోఫాలో కూర్చున్నాడు. కుక్క వచ్చి మోకాలు వాసన చూసింది. ఆయన ముద్దుగా తల మీద చెయ్యి వేశాడు. అది నాలుకతో ఒక్కసారి ముక్కు తడుపుకుని తల పక్కకు తిప్పుకుంది. చెయ్యి తీయలేదు. అప్పటిదాకా నోరు తెరిచి వగరుస్తున్నది టక్కున మూతి బిగించింది. తల కదల్లేదు, కన్ను మాత్రం చేతివైపు తిరిగి ఓరగా తెల్లగుడ్డు కనబడింది. ఒళ్లంతా బిర్రబిగిసింది. ఇదంతా మూడు సెకన్ల వ్యవహారం. చూస్తున్నవాళ్లు "ఎంత బుద్ధిగా నిలబడిందో" అనుకుంటారు.

వరుస దాదాపు ఇలా సాగుతుంది:

• మొదట: అక్కర్లేని ఆవులింత, మూతి నాక్కోవడం, తల తిప్పుకోవడం
• తర్వాత: లేచి దూరంగా పోవడం, చెవులు వెనక్కి వేయడం, తోక ముడవడం, ముడుచుకుపోవడం
• ఆ తర్వాత: బిగుసుకుపోయి కన్నార్పకుండా చూడటం, గుర్రుమనడం
• చివరికి: గాల్లో పళ్లు కొట్టడం, కాటు

మొదటి రెండు మెట్లలోనే మీరు కలగజేసుకుంటే మూడోది రాదు. కుక్కను మీవైపు పిలవండి, లేదా వచ్చినాయన్ను చెయ్యి తీసేయమనండి.

ఇంకో రెండు అపోహలు. తోక ఊపితే స్నేహమే అనుకోవద్దు: తోక నిటారుగా లేచి, గట్టిగా, చిన్నగా కదులుతుంటే అది హెచ్చరిక. మొరిగే కుక్క కరవదన్న సామెతనూ నమ్మొద్దు.

గుర్రుమన్నందుకు కొట్టడం, తిట్టడం పెద్ద పొరపాటు. దాని భయం అలాగే ఉంటుంది, చప్పుడు మాత్రం పోతుంది. తర్వాతి తడవ గుర్రుమనకుండా నేరుగా కరుస్తుంది. గుర్రుమన్నప్పుడు ఆగండి, దూరం జరగండి, ఏం చేస్తే గుర్రుమందో రాసుకోండి.

5. ఒక పుస్తకం పెట్టి రాయండి

రెండు వారాలు రాస్తే చాలు, శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది. ఎవరు, ఎంత దూరంలో, కుక్క ఏం చేసింది, అంతకుముందు గంటలో ఏం జరిగింది. ఈ నాలుగూ రాయండి. చివరిది ముఖ్యం. పొద్దున టపాసుల చప్పుడుకు బెదిరిన కుక్క, మామూలుగా పట్టించుకోని సైకిలును సాయంత్రం తరమవచ్చు. ఒత్తిడి ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది.

కాటు పడి ఉంటే దాని తీవ్రత కూడా రాయాలి. పశువైద్యుడు ఇయన్ డన్‌బార్ రూపొందించిన ఆరు స్థాయిల కొలతను శిక్షకులు విస్తృతంగా వాడతారు:

• 1: మీదికి వచ్చింది, పన్ను తగల్లేదు
• 2: పన్ను తగిలింది, గాటు దిగలేదు
• 3: ఒకే కాటు, 1 నుంచి 4 గాట్లు, ఏదీ కోరపన్ను సగం పొడవుకు మించి లోతు లేదు
• 4: ఒకే కాటు, కనీసం ఒక గాటు అంతకన్నా లోతు
• 5: పలుమార్లు లోతుగా కరిచింది
• 6: ప్రాణం పోయింది

1, 2 అయితే ఈ మార్గదర్శి పట్టుకుని మీరే మొదలుపెట్టవచ్చు. 3 అయితే ప్రవర్తన మీద పనిచేసే అనుభవజ్ఞుడైన శిక్షకుడు పక్కనుండాలి. 4, ఆపైన అయితే పశువైద్య ప్రవర్తన నిపుణుడి దగ్గరికే వెళ్లండి, సొంత ప్రయోగాలు వద్దు.

6. మజిల్ అలవాటు చేయండి

మజిల్ అంటే శిక్ష అనుకునేవాళ్లు ఇంకా చాలామంది. అది సీటు బెల్టు లాంటిది. పెద్ద కుక్క ఉన్న ప్రతివాళ్లూ, కుక్క ఎంత మంచిదైనా సరే, దీన్ని నేర్పి ఉంచాలన్నది నా అభిప్రాయం. దెబ్బ తగిలి క్లినిక్‌లో విలవిల్లాడే రోజు ఏ కుక్కైనా కరుస్తుంది.

బుట్టలా ఉండే రకమే తీసుకోండి. లోపల నోరు బాగా తెరిచి వగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి. మూతిని బిగించే గుడ్డ పట్టీలు ఎక్కువసేపు వేస్తే ఒంటి వేడి పెరిగి ప్రమాదం.

వరుస ఇది:

1) మజిల్‌ను గిన్నెలా పట్టుకుని అడుగున తాయిలం వేయండి. కుక్క దానంతటదే మూతి పెట్టాలి, మీరు తొడగొద్దు.
2) మూతి లోపల ఉండగానే కంతల్లోంచి ఇంకో రెండు తాయిలాలు అందించండి. సెకన్లు మెల్లగా పెంచండి.
3) మెడ వెనక పట్టీ తాకించి తీసేయండి, తాయిలం.
4) బకిల్ పెట్టి వెంటనే విప్పండి, తాయిలం.
5) ఒక నిమిషం ఇంట్లో, తర్వాత పెరట్లో, ఆ తర్వాత నడకలో.

కాళ్లతో గీరుకుంటే తొందరపడ్డారని లెక్క. రెండు మెట్లు వెనక్కి వెళ్లండి. మజిల్ వేసిన ప్రతిసారీ డాక్టరు దగ్గరికో కొత్తవాళ్ల ముందుకో తీసుకెళ్తే దాన్ని చూడగానే పారిపోతుంది. ఊరికే అన్నం పెట్టేముందు కూడా వేసి తీస్తుండండి. మజిల్ ఉంది కదా అని పిల్లల మధ్యకు వదలొద్దు, నలభై కిలోల కుక్క మూతితో గుద్దినా దెబ్బే.

7. అసలు శిక్షణ: దూరంతో పని

సిద్ధం చేసుకోవాల్సినవి: ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల గట్టి లీష్, అంటే కుక్కను పట్టుకుని నడిపించే తాడు (సాగి చుట్టుకునే రకం వద్దు), ఛాతీ దగ్గర కూడా రింగు ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీలు), హార్నెస్ ఊడినా పోకుండా కాలర్‌కు కలిపే చిన్న లంకె, వేలి గోరంత ముక్కలుగా కోసిన మెత్తటి తాయిలాలు. లీష్‌ను మణికట్టుకు మెలేసి చుట్టుకోకండి. కుక్క ఒక్క లాగు లాగితే చెయ్యి ఊడి చేతికొస్తుంది. ముళ్ల కాలర్లు, షాక్ కాలర్లు అసలే వద్దు. మనిషి కనబడగానే మెడలో నొప్పి పుడితే, ఆ నొప్పికి కారణం ఆ మనిషే అని కుక్క తీర్మానించుకుంటుంది.

ఇక పని:

మొదట, హద్దు కనుక్కోండి. అవతలి మనిషిని చూసి కూడా కుక్క మీ చేతిలో తాయిలం మెత్తగా తీసుకోగలిగే దూరం ఎంత? యాభై మీటర్లైతే యాభై మీటర్లే. తాయిలం ముట్టకపోయినా, వేలు కొరికేట్టు లాక్కున్నా దగ్గరికి వచ్చేశారని అర్థం.

రెండోది, వరుస తప్పొద్దు. మనిషి కనబడతాడు, కుక్క చూస్తుంది, ఆ తర్వాత తాయిలం. మనిషి కనుమరుగవగానే తాయిలం ఆగిపోతుంది. చాలామంది మనిషిని తాము ముందే చూసి, కుక్క చూడకుండా ఉండాలని తాయిలం ముందే చూపిస్తారు. కొన్నాళ్లకు తాయిలం తీస్తేనే కుక్క "ఎవరో వస్తున్నారు" అని నిక్కబొడుచుకోవడం మొదలవుతుంది.

మూడోది, మార్పు కోసం ఆగండి. కొన్ని వారాలకు మనిషి కనబడగానే కుక్క తనంతట తాను మీ ముఖంలోకి చూస్తుంది. ఆ చూపు పదిసార్లలో ఎనిమిదిసార్లు వస్తుంటేనే దూరం తగ్గించండి, అదీ రెండు మూడు అడుగులే.

నాలుగోది, ఒకసారికి ఒక్కటే మార్చండి. దూరం తగ్గిస్తే మనిషి నిలబడే ఉండాలి. మనిషి నడవాలంటే దూరం మళ్లీ పెంచాలి.

ఇంట్లో ఖాళీ వసారాలో వెనక్కి మళ్లడం సాధన చేయించండి. ఒకే మాట, ఒకే మలుపు, వెంటనే తాయిలం. మలుపు తిరగ్గానే ఎదురుగా ఎవరో తగిలే రోజు ఆ సాధనే ఆదుకుంటుంది. రోజూ ఐదు పది నిమిషాలు చాలు. బాగా బెదిరిన మర్నాడు బయట శిక్షణ మానేసి, ఇంట్లోనే తాయిలాలు దాచి వెతికించండి.

ఇంటికి వచ్చేవాళ్ల విషయంలో: వాళ్లు వచ్చి కూర్చుని మాటల్లో పడ్డాక, కుక్కను లీష్, మజిల్‌తో తీసుకురండి. వచ్చినవాళ్లు దాన్ని చూడకూడదు, పిలవకూడదు, చెయ్యి చాపకూడదు. "తాయిలం మీరే పెట్టండి" అని వాళ్ల చేతికివ్వడం మంచి ఉద్దేశమే గానీ చెడ్డ పద్ధతి. తిండి ఆశతో కుక్క తన ధైర్యానికి మించి దగ్గరికి వస్తుంది, తిండి అయిపోగానే ముఖం ముందు కొత్త మనిషి ఉంటాడు. తాయిలాన్ని కుక్క వెనక్కి విసరమనండి. తినడానికి అది దూరం వెళ్లి, ఊపిరి తీసుకుని, ఇష్టమైతే మళ్లీ వస్తుంది.

8. తిండి గిన్నె దగ్గర గుర్రుమంటే

"నేనే యజమానిని అని తెలియాలి" అంటూ తింటుండగా గిన్నె లాగేసేవాళ్లు, లేని జబ్బు తెచ్చిపెడుతున్నారు. దానికి బదులు, కుక్క పట్టించుకోనంత దూరం నుంచి నడుస్తూ గిన్నెవైపు ఇంకా మంచి ముక్క ఒకటి విసిరి వెళ్లిపోండి. రోజులు గడిచేకొద్దీ మీ రాక దానికి నచ్చడం మొదలవుతుంది. నోట్లో ఉన్నది తీసుకోవాల్సి వస్తే మారుబేరం చేయండి, లాక్కోవద్దు. ఇంట్లో పిల్లలుంటే ఈ సాధన పెద్దవాళ్లే చేయాలి, కుక్క తినేటప్పుడు తలుపు వేసి ఉండాలి.

9. తరచూ జరిగే తప్పులు, వాటి సర్దుబాటు

• వారం బాగుందని లీష్ వదిలేయడం. నెలల తరబడి ఏ గొడవా లేకపోయినా బహిరంగ స్థలంలో లీష్ ఉండాల్సిందే.
• కరుస్తోందని బయటికి తీసుకెళ్లడమే మానేయడం. మనుషులు లేని వేళ, వెడల్పైన దారి చూసుకుని వెళ్లండి.
• వెల్లకిలా పడేసి నొక్కిపట్టడం. "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" పద్ధతిలో చాలామంది కరిపించుకునేది ఇలాగే.
• "మావాడు ఏం చేయడండీ" అని ఎదుటివాళ్లకు చెప్పడం. "దగ్గరికి రాకండి, శిక్షణలో ఉంది" అనండి. మొహమాటపడితే నష్టపోయేది కుక్కే.
• కుక్కలు కొట్టుకుంటుంటే కాలర్ పట్టుకోవడం. పెద్ద చప్పుడు చేయండి, నీళ్లు కొట్టండి, మధ్యలో కుర్చీయో చెక్కో అడ్డం పెట్టండి. చెయ్యి పెట్టొద్దు.
• రెండేళ్ల కుక్క మారిపోయిందని ఆశ్చర్యపోవడం. పెద్ద జాతులకు బుద్ధి కుదురుకునేది ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య. పిల్లప్పుడు భయపడి దాక్కున్నది ఈ వయసులోనే ఎదురు తిరుగుతుంది.

కుక్కపిల్లను ఇప్పుడే తెచ్చుకుంటుంటే పని సగం తేలిక. సుమారు 3 నుంచి 14 వారాల వయసులో చూసిన మనుషులు, చప్పుళ్లు, నేలలు దానికి జీవితాంతం మామూలు విషయాలవుతాయి. టీకాలు పూర్తికాకపోతే చేతుల్లో ఎత్తుకుని చూపించండి. అందరిచేతా ముట్టించనక్కర్లేదు, దూరం నుంచి చూసి తాయిలం తింటే చాలు. తెచ్చుకునేముందు తల్లిని చూడండి. తల్లిని చూపించని చోట పిల్లను తీసుకోకండి.

10. కాటు పడితే

• కుక్కను గదిలో పెట్టి తలుపు వేయండి. దండించే పని పెట్టుకోకండి.
• గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకోండి, 15 నిమిషాలు అనుకున్నదానికంటే ఎక్కువసేపే.
• ఇంటి మందులేవీ రుద్దొద్దు. రక్తం బాగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టండి.
• ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ర్యాబిస్ టీకా, రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోగా కాపాడే మందు), ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమా అన్నది డాక్టరు చెబుతారు. లక్షణాలు మొదలయ్యాక ర్యాబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది.
• కుక్క టీకా కాగితాలు బాధితుడికి ఇవ్వండి. కుక్కను 10 రోజులు కళ్లముందే ఉంచి గమనించాలి. అది బాగానే ఉందిలే అని మనిషికి టీకా వాయిదా వేయకండి.
• వైద్య ఖర్చు మీదే. అడిగించుకోకండి.

11. మీ వల్ల కాదనిపిస్తే

పసిపిల్ల ఉన్న ఇల్లు, నాలుగో స్థాయి కాటు, రెండో తలుపు పెట్టే వీలులేని చిన్న ఇల్లు: ఈ మూడూ కలిసిన చోట శిక్షణ గెలుస్తుందని నేను చెప్పలేను. అలాంటప్పుడు నిపుణుడితో కూర్చుని మూడు దారులూ మాట్లాడండి: జీవితాంతం కట్టుదిట్టంగా ఉంచడం, పిల్లలు లేని అనుభవజ్ఞుల ఇంటికి ఇవ్వడం, చివరిదిగా పశువైద్యుడి చేత నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చడం. మూడోది ఎంచుకున్నవాళ్లను నిందించే హక్కు ఆ ఇంట్లో ఉండనివాళ్లకు లేదు.

ఎక్కడో దూరంగా వదిలేసి రావడం మాత్రం దారి కాదు. ఆ ప్రమాదాన్ని ముక్కూముఖం తెలియనివాళ్ల మీదికి తోసినట్టే.

ఇంకొకరికి ఇస్తుంటే కాట్ల చరిత్ర మొత్తం తేదీలతో, స్థాయిలతో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. "కొంచెం భయస్తురాలు" లాంటి మాటలతో సరిపెట్టొద్దు. మజిల్, టీకా కాగితాలు, మీరు రాసిన పుస్తకం కూడా అప్పగించండి. తీసుకునేవాళ్లు అదంతా చదివాక వద్దంటే, వద్దననివ్వండి.